ఆర్కాడు తెలుగిండ్ల స్నానపు గదులు: వాని రంగుల చరిత్ర

ఇంటి చరిత్ర వ్రాయువారు సాధారణముగా సింహద్వారముతో ప్రారంభింతురు. ద్వారబంధపు చెక్కడపు పనిని, నడవలోని స్తంభములను, పూజగదిని వర్ణించి విరమింతురు. పెరటి మూలనున్న స్నానపు తావును ఎవరును పలుకరింపరు. అయినను ఒక కుటుంబము ఏ నీటిని వాడినదో, ఏ మట్టిని నమ్మినదో, తెల్లవారుజామున ఏ మాటలతో ఒకరినొకరు పిలుచుకొన్నదో తెలియగోరువారికి ఆ మూల చెప్పినన్ని సంగతులు సింహద్వారము చెప్పజాలదు.

రాయవేలూరులోను, గుడియాత్తములోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల పాత ఇండ్లు నేడు ఒక్కొక్కటిగా మరమ్మతునకు వచ్చుచున్నవి. ఇంటిలో మొట్టమొదట రూపు మారునది స్నానపు గదియే. పాత బండలు పెల్లగింతురు; గోడల సున్నము గీకుదురు; వాని స్థానమున పింగాణి బిళ్ళలు, అనగా నేడు మనమందఱము టైల్సు అనుచున్నవి, అతికింతురు. అంగడిలో ఇల్లాలి చేతికి రంగుల అట్ట నొకదానిని ఇత్తురు. అందు నూరు రంగులుండును. ఏ రంగు ఎందులకో చెప్పు మాట యొక్కటియు నుండదు. అట్టలోని నూరింటిలో ఒకటి నచ్చుటయే కారణమై, ముప్పది యేండ్లు మన కన్నుల యెదుట నుండవలసిన గోడ నిర్ణయమైపోవుచున్నది.

"స్నానపు గదికి ఏ రంగు?" అనునది చిన్న ప్రశ్న వలె దోచును. కాని మన సీమలో ఈ ప్రశ్న పుట్టుట ఇది నాలుగవ మారు. మొదటి మూడు మారులును కారణము తెలిసిన జవాబులు వచ్చినవి. ఆ జవాబు లెవ్వియో, వానిలో నేటికిని నిలుచునది ఎంతయో విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సీమ, భాష

ఆర్కాడు సీమకును తెలుగునకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. విజయనగర ప్రభువులలో కడపటివారైన ఆరవీటి వంశపు రాజులు చంద్రగిరి నుండియు, వేలూరు నుండియు ఏలిరి. మన పెద్దల నోట ఈ ఊరు నేటికిని రాయవేలూరే. ఆంగ్లేయుల కాలమున ఉత్తరార్కాడు జిల్లాకు 1911 వఱకు చిత్తూరు ముఖ్యపట్టణముగ నుండెను. ఆ సంవత్సరమున చిత్తూరు జిల్లా వేరుపడగా ఉత్తరార్కాడు కచ్చేరీలు వేలూరునకు చేరినవి. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఇరు రాష్ట్రముల ఎల్లలు సవరింపబడినవి. 1989లో ఉత్తరార్కాడు రెండు జిల్లాలైనది. 2019లో వేలూరు జిల్లా మఱల మూడైనది.

ఇన్ని గీతలు గీయబడినప్పుడెల్ల మనకు కచ్చేరి భాష మారినది, బడి భాష మారినది, అంగడి భాష మారినది. వంటయింటను, స్నానపు తావునను మాత్రము తెలుగు నిలిచినది. ఏలయన అచ్చటికి ఏ ఉద్యోగియు రాడు. అచ్చట ఏ దరఖాస్తును వ్రాయ నక్కఱలేదు. "నీళ్ళు కాగినాయా?", "చెంబు యాడ పెడితివి?", "జలదారి మూసుకుపోయింది చూడు" అను మాటలు తల్లి నుండి బిడ్డకు చేతి నుండి చేతికి అందిన పాత్రల వలె వచ్చినవి. కావున స్నానపు గది మారుట యనిన మన ఇండ్లలో ఒక గది మారుట మాత్రమే కాదు. వస్తువుతోడనే దాని పేరును పోవును.

సున్నము, నల్లబండ

మొదటి జవాబు సున్నముదియు, రాతిదియు. పూర్వపు ఇండ్లలో స్నానమునకు ప్రత్యేకమైన గది చాలచోట్ల లేదు. బావికి దాపున, పెరటిలో, మూడు ప్రక్కల మొలబంటి నుండి తలయెత్తు గోడతో ఒక తావు. దాని నడుమ ఒక పెద్ద బండ. బండకు ఒక వైపు వాలు. వాలు చివర గోడకు తూము. తూము వెలుపల జలదారి. జలదారి కడపట అరటిచెట్లు. ఒక మూల నీళ్ళపొయ్యి, దానిపై రాగి కాగు, ప్రక్కన గంగాళము. ఇంతే సామగ్రి.

ఈ తావునకు రెండే రంగులు. క్రింద నలుపు, మీద తెలుపు. నలుపు బండది. కలిగినవారు కడప బండలను తెప్పించిరి; కానివారు సమీపపు గుట్టల రాతిని చెక్కించుకొనిరి. కడప బండ సున్నపురాతి జాతిది. పొరలుపొరలుగా చీలును గనుక పలకలు తీయుట తేలిక. నూనె పడిన కొలది నునుపెక్కి నల్లనగును. చింతపండు పులుసు, నిమ్మరసము దానికి గిట్టవు, మచ్చ పడును. అందుచేతనే పెద్దలు పాత్రలను చింతపండుతో తోమునప్పుడు స్నానపు బండపై గాక వేఱొక రాతిపై తోమించుట మేలని తలచిరి.

మీది తెలుపు గచ్చుది. గచ్చనగా నేటి సిమెంటు కాదు. కాల్చిన సున్నమును ఇసుకతో కలిపి, ఎద్దు త్రిప్పు గానుగలో నూఱి, కరక్కాయ నానిన నీటిని, బెల్లపు నీటిని చేర్చి, దినముల తరబడి నానబెట్టి పూయునది. చెన్నపట్టణము వైపున గుల్ల సున్నముతో చేసిన మెఱుగు గచ్చు చలువరాతిని తలపించునని విదేశీయులు సైతము పొగడిరి. గ్రుడ్డులోని తెల్లసొన కలిపి, నున్నని రాతితో గంటల కొలది రుద్దగా వచ్చిన మెఱుగది. మన సామాన్య గృహముల స్నానపు తావునకు అంత మెఱుగు లేకపోయినను ఏటేట పండుగకు ముందు వెల్లవేయుట తప్పనిసరి.

దీని కారణము అందము మాత్రమే కాదు. తడిసిన సున్నము బూజును, పురుగును దరిచేరనీయదు. చీకటి విడువని వేళ స్నానమునకు పోవు మనుజునికి నల్లని నేలయెక్కడ ముగియునో, తెల్లని గోడ యెక్కడ మొదలగునో దీపము లేకయే తెలియును. కాలు నిలుపవలసిన చోటు, చేయి ఆనింపవలసిన చోటు కంటికి వేఱువేఱుగ కనబడును. ఈ భేదమును చదువరులు గుర్తుంచుకొందురు గాక. దీని ప్రసక్తి మఱల రాగలదు.

కావి

రెండవ జవాబు కావి. గోడల అడుగుభాగమున ఎఱ్ఱమన్ను అలికి, దానిపై తెల్లని ముగ్గు దీర్చుట తెలుగు పల్లెలలో తరతరముల వాడుక. ఆ ఎఱ్ఱమన్నులోని ఎఱుపు ఇనుప తుప్పుదే. ఇరువదవ శతాబ్ది మొదటి సగమున సిమెంటు సులభముగ లభింపజొచ్చినప్పుడు, ఆ తుప్పు జాతి పొడినే, రెడ్డాక్సైడు అను పేర, సిమెంటులో కలిపి నేలకు పోసిరి. మన వేలూరు, గుడియాత్తము ఇండ్లలో పాత నడవలందు నేటికిని కనబడు ఎఱ్ఱని నేలలు అట్టివే. అంచునకు నల్లని గీతయు, నడుమ ఎఱుపును.

ఇదే కాలమున రంగు సిమెంటు బిళ్ళలును వచ్చినవి. అంతకు ముందు ఇంగ్లండు నుండి మింటను వారి పూలబిళ్ళలు ఓడలపై దిగి ధనికుల మేడలకు చేరుచుండెను. స్వదేశీ ఉద్యమపు ప్రేరణతో 1922లో బొంబాయిలో భారత్ ఫ్లోరింగు టైల్సు సంస్థ వెలసినది. తమిళదేశపు దక్షిణమున చెట్టినాటిలో ఆత్తంగుడి గ్రామపు పనివారు గాజుపలకపై రంగు సిమెంటును పోసి, కొలిమి లేకయే, నీట నానబెట్టి ఆరబెట్టి బిళ్ళలు చేయుచున్నారు. గాజు తగిలిన ముఖము గాజు వలెనే నున్ననగును.

అయితే స్నానపు తావునకు ఈ జవాబు సగమే సరిపోయినది. ఎఱ్ఱసిమెంటు నేల తడిలో జాఱును. సబ్బు నురుగునకు వెలవెలబోవును. పసుపు, కుంకుడురసము, సున్నిపిండి వాడు మన స్త్రీలకు కావిరంగు మిక్కిలి అనుకూలము, మరక తెలియదు. కాని జాఱుడునకు భయపడి పెక్కుమంది స్నానపు తావున నల్లబండనే నిలిపి, కావిని నడవకు పరిమితము చేసిరి. రంగు నచ్చినంత మాత్రమున గదికి తగదని మన పెద్ద లెఱుగుదురు.

కరిగిరి పింగాణి

ఇచ్చట ఒక వింత చెప్పవలసియున్నది. మన ఇండ్లకు కూతవేటు దూరమున మెఱుగు పింగాణి తయారగుచుండగా ఆ రంగులు మన స్నానపు గోడలకు చేరినవి కావు.

కాట్పాడికి సమీపముననున్న కరిగిరి గ్రామపు కుమ్మరి పని ఆంగ్ల ప్రభుత్వపు కాలమునుండియు పేరుగన్నది. అచ్చటి మట్టిపాత్రలకు గాజుపూత పూసి కాల్చుదురు. ఆకుపచ్చ, గోధుమవన్నె, పసుపు, నీలము ఆ పాత్రల రంగులు. పాత్రను ఒకమారు కాల్చి, పూత ముంచి, మఱల కాల్చుట ఈ విద్యకు మూలము. రెండవ కాల్పున పూత కరగి గాజై పాత్రను పట్టుకొనును. మట్టికుండ నీటిని చెమర్చును. గాజుపూత కుండ చెమర్పదు.

ఈ రంగులు వట్టి రంగులు కావు, లోహములు. రాగి భస్మము పూతలో కరగినచో ఆకుపచ్చ; ఇనుము పాళ్ళనుబట్టి పసుపు నుండి గోధుమవన్నె వఱకు; కోబాల్టు నీలము; మాంగనీసు ఊదా, ఇంకను చిక్కనైనచో నలుపు. ఎఱ్ఱమన్నులో కావియైన యినుమే కరిగిరి కూజాపై తేనెవన్నె యగుచున్నది. ఒకే సీమలో ఒకే లోహము గోడకు ఒక రంగును, కూజాకు ఒక రంగును ఇచ్చినది.

చెన్నపట్టణమున డాక్టరు అలెగ్జాండరు హంటరు 1850లో స్థాపించిన చిత్రకళా పాఠశాల ఈ రాజధానిలోని మట్టులను పరీక్షించి పింగాణి పనికి ప్రోత్సాహ మిచ్చినది. గోడకు రంగుబిళ్ళలు తాపుటయు తెలుగుదేశమునకు క్రొత్త కాదు. హైదరాబాదున కుతుబ్షాహీ ప్రభువు మహమ్మదు కులీ 1594-96 ప్రాంతమున కట్టించిన బాదుషాహీ ఆషూర్ఖానా గోడలు పింగాణి ముక్కల పనితో నిండియున్నవి. నీలము, పసుపు, పచ్చన నాలుగువందల యేండ్ల తరువాతను వెలవెలబోలేదు. 1908 నాటి మూసీ వరదలో నీరు నిలిచిన భాగమున బిళ్ళలు రాలినవి. పోయినచోట తరువాత రంగుపూసి నింపిరి. కాలిన రంగునకును, పూసిన రంగునకును గల భేదము చూపరులకు నేటికిని అచ్చట తెలియును. మఱియొక పాఠమును అచ్చట కలదు: బిళ్ళ చెడదు, బిళ్ళ వెనుకనున్న పొరలో నీరు చేరిననే బిళ్ళ రాలును.

ఇంత విద్య దాపుననే యుండియు, కరిగిరి పని కూజాగ, గిన్నెగ, పూలకుండీగ మన ఇండ్లకు వచ్చినంతగా గోడబిళ్ళగ రాలేదు. పాత్ర వంపును కోరును, బిళ్ళ సమతలమును కోరును. ఒకే పరిమాణమున, వంకర లేక, వేల కొలది బిళ్ళలు కావలెనన్నచో కుమ్మరి సారె చాలదు; అచ్చుయంత్రమును, పెద్ద కొలిమియు కావలెను. ఆ యంత్రము మన సీమకు మఱియొక త్రోవను వచ్చినది.

రాణిపేట తెలుపు

మూడవ జవాబు రాణిపేట నుండి వచ్చినది. పాలారునకు ఆవల ఆర్కాడు, ఈవల రాణిపేట. సెంజి దేసింగురాజు రాణి జ్ఞాపకార్థము ఆర్కాడు నవాబు సాదతుల్లాఖాను ఈ పేటను నిర్మించెనని ప్రతీతి. 1788లో చెన్నపట్టణము చేరిన థామసు పారీ పేర వెలసిన వర్తక సంస్థ 1906లో ఇచ్చట ఎరువుల కర్మాగారమును నెలకొల్పినది. భారతదేశమున రసాయనిక ఎరువుల తయారీకి అది తొలి అడుగు. అదే రాణిపేటలో 1952లో పారీవేర్ అను పేర స్నానపు గదుల, మరుగుదొడ్ల పింగాణి సామగ్రి తయారీ ప్రారంభమైనది. 2008లో ఆ వ్యాపారము స్పెయిను దేశపు రోకా సంస్థ పరమైనది.

ఈ విధముగ నలుబది మైళ్ళ లోపల వేలూరును, గుడియాత్తమును గల మన కుటుంబములకు స్నానపు గదిలోని తెల్లని పింగాణి దూరదేశపు వస్తువు కాదు, ఇరుగూరి వస్తువు. తొట్టి తెల్లనిదైన తరువాత దాని వెనుక గోడయు తెల్లనిది కావలెననిపించుట సహజము. 1958లో జాన్సను టైల్సు సంస్థ మన దేశమున నెలకొన్నది. ఆ దశాబ్దములలో ఆరంగుళముల తెల్లబిళ్ళలు నడుమెత్తు వఱకు అతికించి, మీద సున్నము వేయుట ఉద్యోగస్థుల ఇండ్ల లక్షణమైనది.

తెలుపునకు ప్రపంచమంతటను ఒక చరిత్ర కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా నగరములందు కలరా విజృంభించిన పిదప శుభ్రతయే ఆరోగ్యమను భావము బలపడినది. మురికి కంటబడవలెను, కంటబడినచో కడుగబడును. కావున గోడ తెల్లగ నుండవలెనని వైద్యులు పట్టుపట్టిరి. 1900లో తెఱచిన ప్యారిసు భూగర్భ రైలుమార్గమునందును, 1904 నాటి న్యూయార్కు మార్గమునందును తెల్లబిళ్ళలు వేసిన కారణములలో వెలుతురు ఒకటి, శుభ్రత మఱియొకటి. ఆ తెలుపే ఆసుపత్రులకును, పిదప ఇండ్లకును ప్రాకినది. మన పెద్దల సున్నపు గోడయు అదే కారణమున తెల్లనిది. కావున రాణిపేట తెలుపు మనకు క్రొత్త నేర్పలేదు. పాత నేర్పునే గాజుపూతతో మఱల ఇచ్చినది. అయితే దిగువ నలుపును మాత్రము తీసివైచినది.

పెట్టెలలో వచ్చిన రంగులు

తెలుపు మీద మొగము మొత్తుట అమెరికాలో ముందు జరిగినది. 1927లో అచ్చటి కోలరు సంస్థ తొట్టి మొదలు బేసిను వఱకు ఒకే రంగున కూర్చిన సామగ్రిని అమ్మకమునకు తెచ్చినది. 1950 దశాబ్దిలో అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సతీమణి మేమీ గులాబిరంగును ఇష్టపడుటచే దేశమంతట గులాబి స్నానపు గదులు వెలసినవి. అదే కాలమున రసాయన శాస్త్రజ్ఞులు జిర్కోనియము, వనేడియము కలిపి అధికమైన వేడికి చెడని లేత నీలమును సాధించిరి. పూర్వము కొలిమి కనికరించిననే దొరకు లేతరంగులు దీనితో కర్మాగారమునకు లోబడినవి. ఆ లేత నీలము, లేత గులాబి, లేత పచ్చ కొంత ఆలస్యముగ మన ఊళ్ళకును వచ్చినవి. మన ఇండ్లలో 1970, 80 దశాబ్దుల నాటి స్నానపు గదులు చూచువారికి ఆ మూడు రంగులు పరిచితములే.

నేడు టైల్సు పెట్టెలపై కనబడు ఊరి పేరు తఱచుగా మోర్బీ. గుజరాతులో మచ్చూనది ఒడ్డున నున్న ఆ పట్టణము భారతదేశపు టైల్సు తయారీకి కేంద్రమైనది. 2000 సంవత్సరమున స్పెయినులో టైల్సుపై సిరాను చిమ్మి బొమ్మ నచ్చొత్తు యంత్రము వెలువడిన తరువాత రంగునకు హద్దు లేకపోయినది. కొయ్య వలె, చలువరాయి వలె, చివరకు ఆత్తంగుడి బిళ్ళ వలె కనబడు టైలు ఒకే యంత్రమున తయారగుచున్నది. లోహము రంగును నిర్ణయించు కాలము పోయి, చిత్తము రంగును నిర్ణయించు కాలము వచ్చినది. కనుకనే ఎన్నిక కష్టమైనది.

నీరు, వెలుతురు, ముదుసలి కన్ను

నాలుగవ జవాబు మనము చెప్పవలసినది. దానికి అంగడి అట్ట చాలదు. మన సీమ నీటిని, మన గది వెలుతురును, మన ఇంటి పెద్దల కన్నును అడుగవలెను.

మొదట నీరు. పాలారు పరీవాహమున తోళ్ళ పరిశ్రమ వలన భూజలము చెడిన సంగతి దేశమంతటికి తెలిసినదే. వేలూరు పౌరుల సంఘము వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు పర్యావరణ న్యాయమున మైలురాయిగ నేటికిని ఉదాహరింపబడుచున్నది. తోళ్ళ మాట అటుంచినను, లోతైన గొట్టపుబావుల నీటిలో లవణము లెక్కువ. అట్టి నీరు ఆరినచోట తెల్లని పొర నిలుచును. నిగనిగలాడు నల్లటైలుపైనను, చిక్కని నీలముపైనను ఆ పొర మూడు నెలలలో బయటపడును. పుల్లని ద్రావకములతో గీకినచో బిళ్ళల సందులలోని సిమెంటు తినబడును. పెద్దల నల్లబండ కఱకుది, బావినీరు మెత్తనిది. కనుక వారికి నలుపు చెల్లినది. నేటి నునుపు టైలునకు, నేటి నీటికి అది చెల్లదు. గోడకు చందనపు వన్నె, మీగడ వన్నె. నేలకు బూడిద, వక్క, ఇటుక వన్నెలు ఈ నీటికి తగును. సందులు నింపు సిమెంటునకు తెలుపు కూడదు. అది ఏడాదిలో పసుపు పట్టును.

పిదప వెలుతురు. మన పాత ఇండ్లు గోడకు గోడ ఆనుకొని పొడవుగా సాగినవి. నేటి స్నానపు గది పూర్వపు పెరటిలో లేదు. ఇంటి నడుమకు వచ్చినది. దానికి రెండడుగుల గవాక్షమే గతి. అట్టి గదిలో గోడ నాలుగు వైపులను చిక్కని రంగు వేసినచో పగలును దీపము వెలిగింపవలసివచ్చును. మన పెద్దల వెల్లగోడ చేసిన పనిని చేయుటకు గోడ లేతగ నుండక తప్పదు.

కడపట, ముఖ్యమైనది, ముదుసలి కన్ను. వయసు మీఱినకొలది కంటిలోని కటకము పసుపువన్నెకు తిరుగును. లేత నీలమునకును, లేత పచ్చకును భేదము తెలియకుండ పోవును. తెల్లని నేలపై తెల్లని తొట్టి యెక్కడ ఉన్నదో, మెట్టు ఎక్కడ దిగునో అందదు. వృద్ధులు స్నానపు గదిలో పడి తుంటి యెముక విఱుగుట మన కుటుంబములలో ఎఱుగని యిల్లు లేదు. తడి, సబ్బు దీనికి కారణములని అందుము. రంగును కారణమని తలపము. నేల, గోడ, తొట్టి మూడును ఒకే తెలుపైన గదిని కుమారుడు ప్రేమతోడనే కట్టించును. తల్లికి అది అంచులు లేని పొగమంచు. నేల ఒక వన్నె, గోడ ఒక వన్నె, తొట్టి మఱియొక వన్నె అయినచో కాలికి దారి కనబడును. నేలబిళ్ళ కఱకుగ, చిన్నదిగ నున్నచో సందులే కాలికి పట్టు.

నల్లబండయు, వెల్లగోడయు గల పాత తావు ఈ సూత్రమును పేరు పెట్టకయే పాటించినది. రాణిపేట తెలుపు వచ్చినప్పుడు మనము పోగొట్టుకొన్నది నలుపు కాదు. నలుపునకును తెలుపునకును నడుమనున్న భేదము. దానిని ఏ రెండు వన్నెలతోనైనను మఱల తెచ్చుకొనవచ్చును.

రంగుల పేర్లు

ఇక మాట సంగతి. అంగడి అట్టపై రంగుల పేర్లు ఇంగ్లీషున నుండును. పిల్లలు వానినే చదువుదురు. కాని గుడియాత్తము మగ్గముల ఊరు. లుంగీలకు, చేతిరుమాళ్ళకు పేరుగన్న ఊరు. వాలాజాపేట అద్దకమునకును, తివాచీలకును ప్రసిద్ధి వడసినది. చిరివేరు ఎఱుపును, నీలిమందు నీలమును ఈ సీమ అద్దకములకు పూర్వము ఆధారములు. మగ్గముతోను, బట్టల అంగడితోను బ్రతికిన తెలుగువారికి రంగుల పేర్లకు కొఱత యుండునా?

చీర పేరు చెప్పునప్పుడు మన యింటి ఆడువారు పలుకు పేర్లు వినుడు: చిలకపచ్చ, ఆకుపచ్చ, మామిడి చిగురు, నెమలికంఠము, వంగపండు, నేరేడుపండు, ఉల్లిపొర, గంధము, మెంతి, వక్క, ఇటుక, ముక్కుపొడి, పావురము, బూడిద, మీగడ. ప్రతి పేరును ఒక వస్తువు. ప్రతి వస్తువును ఇంటిలోనో, పెరటిలోనో ఉన్నది. అట్టపై సంఖ్యతో గుర్తింపబడిన రంగు మఱునాటికి జ్ఞాపకముండదు. "ఉల్లిపొర వన్నె" అన్నచో అవ్వకును, మనుమరాలికిని ఒకే రంగు కంటిముందు నిలుచును. మేస్త్రి తమిళుడైనను చింతలేదు. చేత ఉల్లిపాయ పట్టి చూపినచో అతడును గ్రహించును. మన తమిళ సోదరులకును చీరల అంగడిలో ఇట్టి పేర్లే కలవు. వన్నెను వస్తువుతో పోల్చి చెప్పుట ఈ సీమలో ఇరువురి సొత్తు.

మేము కోరునది పాతదానిని అట్లే నిలుపుమని కాదు. బావి ఎండినది, కాగు అటక యెక్కినది, నడుము వంగని వృద్ధులకు బండపై కూర్చుండి స్నానము చేయుట కష్టము. గది మారవలసినదే. అయితే మార్చువారు కొన్నింటిని పాటింప వీలున్నది. పాత నల్లబండను పగులగొట్టక, పెరటిలో తులసికోట మొదటనో, చేతులు కడుగు తావుననో వేయించుకొనవచ్చును. దాని ఆయువు మన ఆయువుకంటె ఎక్కువ. టైల్సు వేయుటకు మునుపు గోడవెనుక నీటికాపు పొరను, నేలకు తూము వైపు వాలును సరిచూచుకొనవలెను. బాదుషాహీ ఆషూర్ఖానా గోడ చెప్పిన పాఠమిదే. రంగు నిర్ణయించుటకు ముందు నాలుగు బిళ్ళలను ఇంటికి తెచ్చి, ఆ గదిలోనే, ఆ నీటితోనే పదినాళ్ళు తడిపి, ఆరబెట్టి చూడవలెను. ఇంటిలో అందఱికంటె పెద్దవారిని గుమ్మమువద్ద నిలిపి, నేల అంచు కనబడుచున్నదా అని అడుగవలెను. గోడకు ఒక వరుస అందమునకు కావలెననుకొన్నవారు దూరదేశపు బొమ్మబిళ్ళలు వెదకుటకు ముందు కరిగిరి పచ్చనను, తేనెవన్నెను ఒకమారు పోయి చూచుట మంచిది.

అన్నింటికంటె ముఖ్యముగా, ఆ మాటలాటలో పిల్లలను కూర్చుండబెట్టవలెను. జలదారి యననేమో, తూము యననేమో, గచ్చు యననేమో వారికి చెప్పుటకు ఇంతకంటె తగిన సమయము దొరకదు. పాతది పెల్లగించు నాడే ఆ వస్తువులను వారు కన్నులార చూతురు. మఱునాడు అవి యుండవు. మన పూర్వులు ఎల్లలు మారినను, కచ్చేరీలు మారినను మార్చుకొనని మాటలను మనము ఒక మరమ్మతు పనిలో పోగొట్టుకొనుట న్యాయము కాదు. రంగు ఏదైనను కానిండు, దానిని మన నీటికి, మన పెద్దల కంటికి తగునట్లు తెలుగున పేరు పెట్టి ఎన్నుకొందము.